సమస్య లేని ఉపాధ్యాయురాలి సమస్య

పాఠశాల అభివృద్ధి ప్రాజెక్టు ద్వారా ఉపాధ్యాయుల వృత్తిపరమైన ఎదుగుదలను కొలిచే ఆన్‌లైన్ ఫారంలో ఏడవ గడి పక్కన ఒక ఎర్ర చుక్క ఉంటుంది. ఆ చుక్క ఉన్న గడిని ఖాళీగా వదిలితే ఫారం అక్కడి నుంచి కదలదు. ‘మీ తరగతిలో మీరు గుర్తించిన సమస్య’ అని ఆ గడి అడుగుతుంది. చిన్న తరగతులకు 19 ఏళ్లుగా చదవడం, రాయడం, లెక్కలు నేర్పుతున్న మా పక్క గది టీచరు గారు అమాయకంగా అందులో ‘ప్రాజెక్టు పెట్టవలసినంత సమస్య ప్రస్తుతం ఏదీ లేదు’ అని రాశారు. కనీసం 150 అక్షరాలు ఉండాలని ఫారం మందలించింది. ఆవిడ అదే మాటను మర్యాదగా సాగదీసి, పిల్లలు ఈడుకు తగినట్టే చదువుతున్నారనీ, వెనకబడిన నలుగురితో బడి వదిలాక కూర్చుంటున్నాననీ, వారిలో ఇద్దరు ఇప్పటికే దారిలో పడ్డారనీ వివరించి మళ్లీ నొక్కారు. ఈసారి ఫారం పుచ్చుకుంది గాని, రెండో రోజు పైనుంచి ఫోను వచ్చింది. “సమస్యే లేకపోతే మీరు ఎదిగేదెలా మేడమ్?” అని ఆ ఫోను అడిగింది.

ఈ ప్రశ్నను నేను చాలా రోజులుగా నెమరువేస్తున్నాను. నవ్వి వదిలేయదగిన ప్రశ్న కాదిది. ఇందులో ఒక దర్శనమే ఉంది. ఉపాధ్యాయుడు ఎదగాలి. ఎదగడమంటే ఒక చిన్న అంకె నుంచి పెద్ద అంకెకు చేరడం. కనుక మొదటి అంకె ఎంత చిన్నదైతే ఎదుగుదల అంత ఘనం. ఈ లెక్కన పిల్లలకు చదువు బాగా చెప్పి కూర్చున్న ఉపాధ్యాయురాలు తన ఎదుగుదలకు తానే గొయ్యి తవ్వుకున్నట్టు. ఏళ్ల తరబడి తరగతి ముఖం చూడని వాడికి మాత్రం కళ్లముందు విశాలమైన మైదానం ఉంది. అతడు ఎటు కదిలినా ఎదుగుదలే. వృత్తిలో తలపండిన వారికి ఈ రహస్యం ఎప్పుడో తెలుసు. వారు సంవత్సరారంభంలో, పిల్లలు ఇంకా తమ బల్ల ఏదో వెతుక్కుంటున్న రోజున, పెద్ద తరగతి పుస్తకంలోని గద్యభాగం ఇచ్చి బేస్‌లైన్ పరీక్ష పెడతారు. సంవత్సరాంతంలో, ముందు రోజు బోర్డు మీద రాయించిన పేరానే ఇచ్చి ఎండ్‌లైన్ పరీక్ష పెడతారు. ఈ రెంటి మధ్య పిల్లవాడికి ఒక్క కొత్త అక్షరం రాకపోయినా, ఉపాధ్యాయుడు తాటిచెట్టంత ఎదుగుతాడు.

మా టీచరు గారికి ఆ విద్య రాదు. అందుకని ఆవిడ మూడు రోజులు సమస్య కోసం వెతుక్కున్నారు. స్టాఫ్ రూములో అందరూ తలా ఒక సమస్య అప్పు ఇవ్వబోయారు. గది పైకప్పు వాన వస్తే కారుతుంది కదా, అది రాయమన్నాడొకాయన. లెక్కల మాస్టారు బదిలీ అయి ఏడాది దాటినా ఆ స్థానం ఖాళీగానే ఉంది కదా, దానికి మించిన సమస్యేమిటని మరొకరు అడిగారు. ఒకే గదిలో రెండు తరగతులు వీపులు కలుపుకుని కూర్చుంటున్న సంగతి నేను గుర్తుచేశాను. అప్పుడు మాలో ఒకరు మార్గదర్శకాలు తీసి చదివారు: సమస్య ‘ఉపాధ్యాయుని పరిధిలోనిది’ అయి ఉండాలట. పైకప్పు ఉపాధ్యాయుని పరిధిలోనిది కాదు. ఖాళీ పోస్టు కాదు. గది కాదు. అంటే పిల్లవాడి చదువుకు అడ్డుపడుతున్న వాటిలో ఎవరో పెద్దలు సంతకం పెడితే తీరేవన్నీ సమస్యలు కావు. ఉపాధ్యాయురాలి లోపం వల్ల పుట్టాయని చెప్పగలిగినవే సమస్యలు. ఈ నిర్వచనం రాసిన చేతికి దణ్ణం పెట్టాలి.

చివరకు పఠనాసక్తి మీద అందరి చూపు పడింది. ఆసక్తి ఉపాధ్యాయుని పరిధిలోనిదే, పైగా కంటికి కనబడదు కనుక ఎవరూ లేదనలేరు, ఉందనలేరు. ‘12 వారాలలో విద్యార్థుల పఠనాసక్తిని 20 శాతం పెంపొందించుట’ అని ప్రాజెక్టుకు పేరు పెట్టారు. ఆ 20 శాతం ఎక్కడి నుంచి వచ్చిందని ఎవరైనా అడగవచ్చు. పదంటే బద్ధకంగా ఉంటుంది, ముప్పై అంటే దురాశగా ఉంటుంది. ఇరవై అన్నది బుద్ధిమంతుల అంకె. ఆసక్తిలో అయిదో వంతు అంటే ఎంత, దాన్ని గరిటెతో కొలవాలా స్కేలుతో కొలవాలా అనేది మార్గదర్శకాల్లో లేదు. లక్ష్యం ‘స్మార్ట్’గా ఉండాలని మాత్రం మూడు చోట్ల ఉంది.

ఈ ‘స్మార్ట్’ సంగతి కొంత చెప్పుకోవాలి. లక్ష్యం నిర్దిష్టంగా, కొలవదగినదిగా, ఒక గడువుతో ఉండాలన్న, అక్షరానికొక గుణం చొప్పున అయిదు ఇంగ్లీషు అక్షరాల (SMART) ఈ మంత్రాన్ని జార్జ్ డోరన్ అనే ఆయన 1981లో మేనేజ్‌మెంట్ పత్రిక ఒకదానిలో రాశాడు. అది కంపెనీల మేనేజర్ల కోసం రాసిన చిన్న వ్యాసం. బడులతో, బలపాలతో దానికి సంబంధం లేదు. అంతకన్నా చిత్రమేమిటంటే, ప్రతి లక్ష్యానికీ ఈ అయిదు గుణాలూ ఉండి తీరాలని తన ఉద్దేశం కాదని డోరన్ ఆ వ్యాసంలోనే చెప్పాడు. ఆ వాక్యం దారిలో ఎక్కడో జారిపోయింది. నలభై ఏళ్లు ప్రయాణించి, కార్యాలయం నుంచి కార్యాలయానికి చేతులు మారి, మా టీచరు గారి దాకా వచ్చేసరికి మిగిలింది ఎర్ర చుక్క ఒక్కటే.

ఇక ఆధారాలు. ‘ముందు’ ఫోటోలు రెండు, ‘తర్వాత’ ఫోటోలు రెండు, తేదీ, స్థలం ముద్రపడేలా తీసి అప్‌లోడ్ చేయాలి. ‘ముందు’ ఫోటోలో దుస్థితి కనబడాలి, ‘తర్వాత’ ఫోటోలో అభివృద్ధి కనబడాలి. ఇక్కడే మా టీచరు గారికి నిజమైన ఇబ్బంది ఎదురైంది. ఆవిడ గది మూలన ఒక చెక్క అర ఉంది. అందులో 140 పుస్తకాలున్నాయి. చిరిగిన అట్టలను ఆవిడే కూర్చుని అతికిస్తారు. పిల్లలు తమంతట తామే పుస్తకం తీసుకుని, పక్కన దారంతో వేలాడదీసిన నోటుపుస్తకంలో పేరు రాసి పట్టుకుపోతారు, తెచ్చినప్పుడు కొట్టివేస్తారు. ఆ నోటుపుస్తకం పేజీల మూలలు చేతుల జిడ్డుకు నల్లబడి, మడతలు పడి, చెవుల్లా వంగి ఉంటాయి. పఠనాసక్తికి ఆధారం కావాలన్నవాడు ఆ నల్లబడిన మూలలను ఫోటో తీసుకుని ఇంటికి వెళ్లవచ్చు. కాని అది ‘ముందు’కూ పనికిరాదు, ‘తర్వాత’కూ పనికిరాదు. అది ఎప్పుడూ ఉన్నది. ఎప్పుడూ ఉన్నదానికి ఫారంలో గడి లేదు.

పత్రాలు తయారుచేయడంలో సాయపడడానికి ఒక శిక్షకుడు వచ్చారు. మంచి మనిషి; ఆ వారంలో ఆయన చూడవలసిన బడులు ఇంకా తొమ్మిది ఉన్నాయి. ఆయన గది చూసి, అర చూసి, నిట్టూర్చి, “ఇది ‘తర్వాత’లా ఉంది మేడమ్. మనకు ముందు ‘ముందు’ కావాలి” అన్నారు. కనుక పుస్తకాలు దించవలసి వచ్చింది. పిల్లలకు ఇలాంటి పనులంటే సరదా. పావుగంటలో అర మొత్తం ఖాళీ చేసి, పుస్తకాలను కట్టలు కట్టి, ప్రధానోపాధ్యాయుల వారి గదిలోని బీరువాకు చేర్చారు. ఖాళీ అర ఫోటోలో చూస్తే మరీ శుభ్రంగా ఉంది. రోజూ చేతులు తగిలే చెక్క నున్నగా మెరుస్తుంది కదా. నిర్లక్ష్యం కనబడడానికి దుమ్ము కావాలన్నారు శిక్షకుడు. దుమ్ము అప్పటికప్పుడు ఎక్కడ దొరుకుతుంది? బోర్డు తుడిచే డస్టరును అర మీద పట్టుకుని కొడితే సుద్దపొడి రాలింది. అది ఫోటోలో ఏళ్లనాటి దుమ్ములాగే పడింది. డస్టరు కొట్టింది నేనే. ఈ వ్యాసం చదివేవారు ఆ సంగతి కూడా తెలుసుకోవాలి. పని పూర్తయ్యాక రెండడుగులు వెనక్కి వేసి, చిత్రకారుడిలా తల పక్కకు వంచి, ఆ మూల కొంచెం తక్కువైందని మరోసారి కొట్టాను కూడా.

తర్వాత పిల్లల వంతు వచ్చింది. “ఆసక్తి లేనట్టు కూర్చోండి” అని చెప్పారు. అంతవరకూ ఎవరూ వారిని అలా కూర్చోమని అడగలేదు కనుక, మొదట అందరూ పగలబడి నవ్వారు. నవ్వుతున్న ఫోటో పనికిరాదు. రెండోసారి ఒక కుర్రాడు నిద్రపోతున్నట్టు నటిస్తూ గురక కూడా పెట్టాడు. అతడి పక్కవాడు నోట్లోంచి చొంగ కారుతున్నట్టు అభినయించాడు. ఇంత ప్రతిభ ఉన్న పిల్లలను ఏ ప్రాజెక్టూ ఎందుకు గుర్తించదో నాకు అర్థం కాదు. మూడోసారికి, నాలుగోసారికి విసుగు నిజంగానే వచ్చింది కనుక నటించే అవసరం తప్పింది. అయితే మూడో వరసలో ఒక పాప తల వంచుకునే ఉంది. మొదట శిక్షకుడు అది చూసి సంతోషించారు. తల వంచుకోవడం నిరాసక్తతకు మంచి గుర్తు. ఫోను తెర మీద రెండు వేళ్లతో పెద్దది చేసి చూసేసరికి అసలు సంగతి బయటపడింది. బీరువాకు చేరకుండా తప్పించుకున్న ఒక పుస్తకం ఆ పాప ఒళ్లో ఉంది. పొద్దున మొదలుపెట్టిన కథ సగంలో ఉందట. ఇంత గొడవలోనూ ఆ పాప చదువుకుంటోంది.

“ఆ పాపను పుస్తకం పక్కన పెట్టమనండి మేడమ్. ఇది ‘ముందు’ ఫోటో. ‘ముందు’లో పిల్లలు చదవరు” అన్నారు శిక్షకుడు.

టీచరు గారు ఆ పాప దగ్గరికి వెళ్లి చేయి చాచారు. “మరి ఎప్పుడు చదవాలి టీచర్?” అని పాప అడిగింది.

“తర్వాత” అన్నారు ఆవిడ.

ఆ ‘తర్వాత’ 12 వారాలకు గాని రాలేదు. ఎందుకంటే, ఫోటోల మీద తేదీ పడుతుంది. ‘ముందు’, ‘తర్వాత’ ఒకే రోజున ఉంటే బాగుండదు. మధ్యలో పరిశీలకులు ఎప్పుడైనా రావచ్చు. వస్తే ప్రాజెక్టు క్రమంగా పుంజుకుంటున్నట్టు కనబడాలి గాని, మొదటి వారంలోనే అర నిండుగా ఉంటే పెరగడానికి ఇంకేం మిగులుతుంది? కనుక పుస్తకాలు బీరువాలోనే ఉన్నాయి. తాళంచెవి ప్రధానోపాధ్యాయుల వారి దగ్గర, ఆయన తరచూ సమీక్షా సమావేశాల దగ్గర. పఠనాసక్తిని 20 శాతం పెంచే ప్రాజెక్టు నడిచిన 12 వారాలూ ఆ తరగతి పిల్లలకు చదువుకోవడానికి కథల పుస్తకం ఒక్కటి కూడా దొరకలేదు. టీచరు గారు ఇంటి నుంచి పాత పత్రికలు సంచిలో తెచ్చి, చదివించి, సాయంత్రం మళ్లీ సంచిలో పెట్టుకుపోయేవారు, దొంగసొత్తులా.

పన్నెండో వారం చివర పుస్తకాలకు విముక్తి కలిగింది. అరకు రంగు కాగితాలు అంటించారు. పైన ప్రాజెక్టు పేరు రాసిన ఫ్లెక్సీ కట్టారు. అది అర కన్నా వెడల్పు. పిల్లలందరికీ తలా ఒక పుస్తకం ఇచ్చి, అట్ట కెమెరా వైపు కనబడేలా ముఖానికి అడ్డంగా పట్టుకోమన్నారు. అట్ట కెమెరా వైపు ఉంటే లోపలి పేజీలు ముక్కుకు తగులుతాయి, అలా పట్టుకున్న పుస్తకాన్ని ఎవరూ చదవలేరు. కాని అది చదువుతున్న ఫోటోగా గొప్పగా వచ్చింది. మూడో వరసలోని పాప పుస్తకం తీసుకోలేదు. టీచరు గారి ముఖం వైపు చూసి, “ఇప్పుడు ‘తర్వాతే’నా టీచర్?” అని అడిగి, అవునన్నాక తీసుకుంది.

నివేదిక 64 పేజీలు వచ్చింది. ఎండ్‌లైన్‌లో ఆసక్తి 23 శాతం పెరిగినట్టు తేలింది. లక్ష్యం కన్నా మూడు శాతం ఎక్కువ చూపితే ‘అంచనాలకు మించి’ అనే గడిలో పడవచ్చునని అనుభవజ్ఞులు చెప్పారు. మరీ ఎక్కువైతే అనుమానం వస్తుందని కూడా వారే చెప్పారు. ఇంత నిజాయతీపరురాలు ఆ అంకె వేయడానికి ఎలా ఒప్పుకున్నారని అడిగేవారు, పై ఫోను మళ్లీ ఎన్నిసార్లు మోగిందో తెలియక అడుగుతున్నారని అనుకుంటాను.

మూల్యాంకన సమావేశంలో ఒక్కొక్క ఉపాధ్యాయుడికి ఎనిమిది నిమిషాలు. మా టీచరు గారి పీపీటీలో మూడో స్లైడు దగ్గర ప్రొజెక్టరు తీగ ఊడి రెండు నిమిషాలు పోయింది. మిగిలిన ఆరింటిలో అధికారి అడిగిన ప్రశ్నలు మూడు: ఫైలుకు విషయసూచిక ఎందుకు లేదు, ‘ముందు’ ఫోటోలో వెలుతురు ఎందుకు తక్కువ, ఈ ప్రాజెక్టు సుస్థిరతకు మీ వ్యూహమేమిటి. మూడో దానికి ఆవిడ, “పుస్తకాలు అరలో ఉంచుతాం సార్” అన్నారు. ఆయనకు ఆ జవాబు చాలలేదు. అది వ్యూహంలా లేదు. సమావేశం జరిగిన హాలుకు, ఆ అర ఉన్న గదికి మధ్య ఒక వరండా, 30 అడుగులు. “ఒకసారి తరగతి చూస్తారా సార్, పిల్లలు ఉన్నారు” అని ఆవిడ అడిగారు. సమయం లేదన్నారు. నిజమే, ఆయనకు ఇంకా 11 ఫైళ్లు చూడవలసి ఉంది.

ఈ వేషాలన్నీ ఈనాటివనీ, ఫోన్లూ పోర్టళ్లూ వచ్చాక పుట్టినవనీ అనుకునేవారికి ఒక పాత సంగతి చెబుతాను. 1862లో ఇంగ్లండు విద్యావ్యవహారాలు చూస్తున్న రాబర్ట్ లో అనే రాజకీయవేత్త ‘ఫలితాన్ని బట్టి చెల్లింపు’ అనే పద్ధతి ప్రవేశపెట్టాడు. ఇన్‌స్పెక్టరు వచ్చి పిల్లలను ఒక్కొక్కరినే నిలబెట్టి చదవడం, రాయడం, లెక్కలు పరీక్షిస్తాడు. తప్పిన ఒక్కో విషయానికి బడికి వచ్చే గ్రాంటులో 2 షిల్లింగుల 8 పెన్నీలు కోత. బడులు ఏం చేశాయి? ఏ పుస్తకంలో పరీక్ష పెడతారో దాన్ని ఏడాది పొడుగునా వల్లె వేయించాయి. పుస్తకం తలకిందులుగా పట్టుకుని కూడా గడగడా ‘చదివిన’ పిల్లల కథలు ఆ కాలం నుంచి నేటికీ చెప్పుకుంటూనే ఉన్నారు. కవిగా పేరుపొందిన మాథ్యూ ఆర్నాల్డ్ అప్పట్లో స్కూళ్ల ఇన్‌స్పెక్టరు. పిల్లలకు చదవడం నిజంగా రాకపోయినా చదివే పరీక్షలో నెగ్గించడం సాధ్యమేనని ఆయన తన నివేదికల్లో మొత్తుకున్నాడు. ఇన్‌స్పెక్టరే మొత్తుకున్నా ఆ పద్ధతి పోవడానికి 1890ల దాకా పట్టింది. తలకిందుల పుస్తకానికీ, ముక్కుకు అడ్డంగా పట్టుకున్న పుస్తకానికీ మధ్య నూట అరవై ఏళ్ల అభివృద్ధి ఉంది. ఎంత శాతమో ఎవరైనా లెక్కగట్టాలి.

మా ఫారం మొదటి పేజీలో ఒక రంగుల చక్రం ఉంటుంది: ప్రణాళిక, అమలు, అధ్యయనం, తదుపరి చర్య, మళ్లీ ప్రణాళిక. బాణాలు ఒకదాని తోక ఒకటి పట్టుకుని తిరుగుతుంటాయి. ఈ చక్రాన్ని వాల్టర్ షూహార్ట్ అనే ఇంజనీరు ఆలోచనల నుంచి తీసుకుని ప్రపంచమంతటా ప్రచారం చేసినవాడు ఎడ్వర్డ్స్ డెమింగ్ అనే అమెరికన్ గణాంకవేత్త. 1950లో జపాను ఇంజనీర్లకు పాఠాలు చెప్పి పేరు తెచ్చుకున్న మనిషి. ఆ చక్రం వేసుకున్న ఫారాలకు ఆయన గురించి తెలియని విషయం ఒకటుంది. ఉద్యోగుల వార్షిక మూల్యాంకనాన్ని, యోగ్యతకు అంకెలు వేయడాన్ని ఆయన సంస్థలను పట్టి పీడించే ప్రాణాంతక వ్యాధుల జాబితాలో చేర్చాడు. భయాన్ని పారదోలండి, అంకెల కోటాలు ఎత్తేయండి అని చెప్పి చెప్పి అలసిపోయాడు. మనవాళ్లు ఆయన చక్రాన్ని తీసుకెళ్లి ఆయన చెప్పిన జబ్బుకే ముఖచిత్రంగా వేశారు.

డబ్బున్న దేశాలు దీన్ని ఇంకా పెద్ద ఎత్తున చేసి చూశాయి. అమెరికాలో గేట్స్ ఫౌండేషన్ చొరవతో కొన్ని విద్యా జిల్లాల్లో, ప్రభుత్వ నిధులతో స్వతంత్రంగా నడిచే చార్టర్ స్కూళ్ల సంస్థల్లో ఉపాధ్యాయులను కొలిచి, గ్రేడులు వేసి, దాన్నిబట్టి జీతాలూ శిక్షణా నిర్ణయించే కార్యక్రమం ఏళ్ల తరబడి నడిచింది. అందరి వాటా కలిపి సుమారు 57.5 కోట్ల డాలర్లు ఖర్చయ్యాయి. 2018లో ర్యాండ్ అనే పరిశోధన సంస్థ లెక్కచూసి, పిల్లల చదువులో చెప్పుకోదగ్గ మెరుగుదల కనబడలేదని తేల్చింది. పిల్లల మార్కుల్లోని తేడాలకు ఉపాధ్యాయుని వాటా చాలా అధ్యయనాల్లో 1 నుంచి 14 శాతం మధ్యనే ఉందని అమెరికన్ గణాంక సంఘం 2014లోనే చెప్పింది. అంటే మిగిలిన పెద్ద వాటా ఉపాధ్యాయుని పరిధిలో లేనిది. మా మార్గదర్శకాలు సమస్యే కాదన్న పైకప్పూ, ఖాళీ పోస్టూ, కిక్కిరిసిన గదీ ఉన్నది అందులోనే.

ఉపాధ్యాయులను ఎవరూ ప్రశ్నించకూడదని నేను అనడం లేదు. మాలో సోమరులు ఉన్నారు, పాఠం రానివారు ఉన్నారు, పిల్లలను కొట్టేవారు ఉన్నారు. వారిని పట్టుకునే వల ఇది కాదని మాత్రమే అంటున్నాను. వారి ఫైళ్లు చాలా బాగుంటాయి. తీరిక ఉన్నవారి ఫైళ్లే బాగుంటాయి.

ఇక్కడి నుంచి నాకు వెటకారం రావడం లేదు. వృత్తిలో ఎదుగుదల అంటే ఏమిటో నేను చూశాను కనుక రావడం లేదు. కిందటేడు ఒక మధ్యాహ్నం టీచరు గారు ఒక పిల్లవాడి పలక పట్టుకుని స్టాఫ్ రూములోకి వచ్చారు. 52లోంచి 17 తీసివేస్తే వాడు 45 వేశాడు. నేనైతే తప్పు కొట్టి, సరైన జవాబు రాసి ఇచ్చేవాణ్ణి. ఆవిడ పలక బల్ల మీద పెట్టి, “వీడు అజాగ్రత్తగా చేయలేదు, చూడండి. ఏడులోంచి రెండు తీశాడు, అయిదు. అయిదులోంచి ఒకటి తీశాడు, నాలుగు. ఎప్పుడూ పెద్ద అంకెలోంచే చిన్న అంకెను తీయాలని వీడికి ఎవరో చెప్పారు. బహుశా నేనే చెప్పాను” అన్నారు. తర్వాత ఆవిడ పాత నోటుపుస్తకాలన్నీ తిరగేస్తే, ఇంకో అయిదుగురు అదే సూత్రం పట్టుకుని ఉన్నారు. మర్నాడు పుల్లల కట్టలు తెచ్చి, ఒక కట్ట విప్పించి, ఆ పాఠం మొదటి నుంచి మళ్లీ చెప్పారు. ఆ రోజు నేను నా గదికి వెళ్లి, ఇన్నేళ్లుగా నేను తప్పు కొట్టి పారేసిన జవాబుల గురించి కూర్చుని ఆలోచించాను. ఎదిగింది ఆవిడ ఒక్కరే కాదు. దానికి ‘ముందు’ ఫోటో లేదు. 12 వారాల గడువు లేదు. “బహుశా నేనే చెప్పాను” అనే ఆ ఒక్క మాట ఉంది. ఆ మాట అనడానికి మనిషికి భయం లేకుండా ఉండాలి. మీరు తప్పొప్పుకున్నవాడికి మార్కులు కోసే ఫారం చేతిలో పెట్టి, నిజాయతీగా ఆత్మపరిశీలన చేసుకుని 300 పదాల్లో రాయమంటారు. ఎవడు రాస్తాడయ్యా?

ఉపాధ్యాయుడు తన తరగతిలోని చిక్కును తానే పరిశోధించుకోవాలన్నది మొదట చాలా మంచి ఆలోచన. జపాను బడుల్లో నూరేళ్లకు పైగా ఒక అలవాటు ఉంది: కొందరు ఉపాధ్యాయులు కలిసి ఒకే ఒక్క పాఠాన్ని వారాల తరబడి తయారుచేస్తారు, వారిలో ఒకరు దాన్ని చెబుతారు, మిగిలినవారు గోడ వారన నిలబడి చూస్తారు. వారు చూసేది పాఠం చెప్పేవారిని కాదు, పిల్లలను. ఏ పిల్లవాడు ఎక్కడ ఆగాడు, ఎవరు ఎవరి పలకలోకి తొంగిచూశారు, ఏ ప్రశ్న దగ్గర గది అంతా నిశ్శబ్దమైపోయింది అని రాసుకుని, సాయంత్రం కూర్చుని మాట్లాడుకుంటారు. దానికి కావలసినవి రెండే. పక్క గదిలోకి వెళ్లి నిలబడే తీరిక, నిలబడినవాడు తన మీద నివేదిక రాయడన్న నమ్మకం. మా తీరికను 64 పేజీల నివేదిక తినేసింది. నమ్మకాన్ని ఆ ఫోను తినేసింది. నా పక్క గదిలో అంత మంచి ఉపాధ్యాయురాలు ఉండగా, ఆ ఏడాది నేను ఆవిడ గదిలోకి అడుగుపెట్టింది ఒకే ఒక్కసారి. డస్టరు పట్టుకుని.

పుస్తకం చదువుకుంటున్న పిల్ల చేతిలోంచి పుస్తకం తీసుకున్నారు. పఠనాసక్తి పేరుతో తీసుకున్నారు. దీని మీద మార్కులు వేసినవారు, వేయించినవారు, సుద్దపొడి కొట్టిన నాతో సహా, ఆ గదిలోకి రోజూ వెళ్లి ఆ పిల్ల ముఖం చూడవలసిన అవసరం లేనివాళ్లం. చూడవలసింది ఆవిడే.

ఆవిడకు ఆ ఏడాది ‘అంచనాలకు మించి’ అని వచ్చింది. ప్రశంసాపత్రం ల్యామినేషన్ చేయించి ఇచ్చారు. అది ఇప్పుడు అర వెనక, గోడ తేమ తగలకుండా అడ్డంగా ఉంది.

ఈ ఏడాది ఫారం మళ్లీ తెరుచుకుంది. పాత సమస్యను మళ్లీ రాయకూడదని ఈసారి కొత్త నిబంధన. ఏడవ గడి దగ్గర ఆవిడ ఎక్కువసేపు ఆలోచించలేదు. నేను పక్కనే కూర్చుని చూస్తుండగా టైపు చేశారు: ‘నా తరగతిలో ఒక పాప, ఇదివరకు అడగకుండా పుస్తకం తీసుకునేది. కిందటేడు ప్రాజెక్టు తర్వాత, అరలోంచి పుస్తకం తీసే ముందు ప్రతిసారీ ఆగి నా ముఖం వైపు చూస్తోంది. తీసుకోవచ్చునని నేను తల ఊపితే గాని తీయడం లేదు.’ 150 అక్షరాలు దాటింది కనుక ఫారం ఆ విషయమై అభ్యంతరం చెప్పలేదు. సమస్యను అంకెలో చూపమని అడిగింది. ఆవిడ ‘1’ అని కొట్టారు.

ఫారం ఒప్పుకుని, ‘ముందు’ ఫోటో జతపరచమంది.